వెలగని మచ్చ: ఈస్ట్ సిద్ధబీజాల జన్యువులపై ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వాళ్లకు వినపడుతోందా? సరే. వినపడకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను.

ముందు ఈ ఫోటో చూడండి. తెర మీద రెండు వరసల్లో గుండ్రటి మచ్చలున్నాయి కదా. గది చీకటి చేసి, అతినీలలోహిత దీపం వేసి తీసిన ఫోటో ఇది. ఒక్కో మచ్చలో లక్షల ఈస్ట్ కణాలున్నాయి. అన్నీ లేత నీలంగా వెలుగుతున్నాయి. ఒకటి మాత్రం వెలగలేదు. కింది వరసలో, ఎడమ నుంచి మూడోది. కనిపించిందా? చుట్టూ అన్నీ వెలుగుతుంటే అదొక్కటే నల్లగా ఉండిపోయింది.

ఈరోజు నేను చెప్పబోయేదంతా ఆ నల్ల మచ్చ గురించే. అది ఎందుకు వెలగలేదు? ఆ కణాల్లో పని ఎక్కడ ఆగిపోయింది? ఈ ప్రశ్నను వదలకుండా పట్టుకుని వెళ్తే ఈస్ట్ సిద్ధబీజం ఎలా తయారవుతుందో మొదలు నుంచి చివరి దాకా తెలుస్తుంది. సిద్ధబీజం అంటే స్పోర్. దాని గోడ పూర్తయితేనే మచ్చ అలా నీలంగా వెలుగుతుంది. నేను రెండు మాటలూ వాడతాను, ఏమీ అనుకోకండి.

శాకరోమైసిస్ సెరవీసియే. మనం ఈస్ట్ అని పిలిచేది దీన్నే. కణం పరిమాణం 5 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరును 200 భాగాలు చేస్తే అందులో ఒక భాగం. తిండి పుష్కలంగా ఉంటే గంటన్నరకోసారి మొగ్గ తొడుగుతుంది, ఒకటి రెండవుతుంది. మరి తిండి అయిపోతే? చాలాసార్లు ఎదగడం ఆపి ఊరుకుంటుంది. కానీ కొన్ని పరిస్థితుల్లో ఊరుకోదు. తన లోపలే నాలుగు గింజలు, అంటే స్పోర్లు, కడుతుంది. ఒక్కో గింజకు కొత్త పొర, కొత్త గోడ, సగం క్రోమోజోములు. తల్లి కణం చచ్చిపోయి దాని గోడ సంచిలా మిగులుతుంది. ఆ సంచి పేరు ఆస్కస్. సూక్ష్మదర్శినిలో చూస్తే అందులో మూడు గింజలే కనపడతాయి, ఎందుకంటే నాలుగోది వాటి కింద ఉంటుంది. ఫోకస్ కాస్త కిందికి తిప్పితే అదీ బయటపడుతుంది. దాన్ని మొదటిసారి చూసినప్పుడు నాకు మాట రాలేదు. ఇప్పటికీ ఆ నాలుగోదాని కోసం తిప్పేటప్పుడు చెయ్యి నెమ్మదిస్తుంది.

ఈ నాలుగు గింజలను విడదీసి జన్యుశాస్త్రానికి వాడుకోవచ్చని చూపించినవాళ్లలో ముందు చెప్పాల్సింది ఓయ్‌విండ్ వింగే పేరు. కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో పనిచేశారు. ఈస్ట్ జీవితంలో ఒక జత క్రోమోజోముల దశ (ప్రతి క్రోమోజోమూ ఒక్కటే), రెండు జతల దశ (ప్రతిదీ రెండేసి) ఒకదాని తర్వాత ఒకటి వస్తాయని 1935లో చూపించారు. దీనివల్ల మనకు ఒరిగిందేమిటి? మెండెల్ బఠాణీ మొక్కల్లో నిష్పత్తులు చూడటానికి వందల మొక్కలు లెక్కపెట్టాల్సి వచ్చింది. ఈస్ట్‌లో ఒక్క సంచి విప్పితే చాలు. నాలుగు గింజల్లో రెండింటికి ఒక రూపం, రెండింటికి ఇంకో రూపం. లెక్క అక్కడికక్కడే తేలిపోతుంది.

సరే, జన్యువుల దగ్గరికి వద్దాం. ఒక జన్యువు ఏం పని చేస్తుందో ఎలా తెలుస్తుంది? మీరే చెప్పండి. అది ఉన్నప్పుడు తెలియదు. అంతా సజావుగా జరిగిపోతుంటుంది, ఎవరు ఏ పని చేస్తున్నారో పైకి కనపడదు. దాన్ని తీసేసి చూడాలి. ఏది ఆగిపోతుందో అదే దాని పని. అందుకే ఈ రంగంలో చాలా పేర్లు లోపాల పేర్లే. స్పో1, స్పో11, స్పో14, స్పో20 అని వింటారు. స్పోర్ పనిలో లోపం ఉందని గుర్తుగా పెట్టిన పేర్లు అవి.

ఈ పద్ధతికి దారి వేసినవాళ్లు మైకేల్ ఎస్పొసీటో, రోషెల్ ఎస్పొసీటో. 1969లో ఆ పని ప్రచురించారు. వాళ్ల ముందు ఒక చిక్కుంది. స్పోర్ కట్టే కణంలో ప్రతి జన్యువుకూ రెండు ప్రతులుంటాయి. ఒకటి చెడినా రెండోది పని నడిపేస్తుంది. మరి లోపం ఎలా బయటపడాలి? వాళ్లు తనతో తనే జత కట్టగల ఈస్ట్ రకాన్ని తీసుకున్నారు. ఒక్క స్పోర్ మొలిచి, దాని పిల్లలే ఒకదానితో ఒకటి జత కడతాయి. స్పోర్‌లో ఒక ప్రతి చెడి ఉంటే, జత కట్టాక రెండు ప్రతులూ చెడినవే. ఇక దాక్కోవడానికి చోటు లేదు. ఎంత తెలివైన ఆలోచనో చూడండి. జన్యువును చదివే యంత్రాలేవీ లేని రోజులవి.

తర్వాత 1996లో ఈస్ట్ జన్యుపటం మొత్తం వచ్చింది. 16 క్రోమోజోములు, సుమారు 6,000 జన్యువులు. 1998లో స్పోర్ కట్టేటప్పుడు ఆ జన్యువులన్నీ ఏం చేస్తున్నాయో ఒకేసారి కొలిచారు. వెయ్యికి పైగా జన్యువుల స్థాయిలు మారాయి. అన్నీ ఒక్కసారిగా కాదు, గుంపులు గుంపులుగా, ఒక గుంపు తర్వాత ఒకటి. ఆ తర్వాత జన్యువులను ఒక్కొక్కటిగా తీసేసిన ఈస్ట్‌లను పరీక్షిస్తే, స్పోర్‌కు తప్పనిసరి అయినవి మూడు వందలకు పైగా తేలాయి. మూడు వందల చోట్ల పని ఆగిపోవచ్చు. ఎక్కడ ఆగినా మన మచ్చ నల్లగానే ఉంటుంది. అర్థమైందా అసలు సమస్య? మచ్చ నల్లగా ఉందంటే ఏదో లేదని మాత్రమే తెలుస్తుంది. ఏది లేదో తెలియదు.

కాబట్టి మొదటి నుంచి వెతుక్కుంటూ వెళ్దాం. మొదటి అనుమానం: అసలు పని మొదలైందా?

స్పోర్ కట్టాలా వద్దా అన్న నిర్ణయం ఐఎంఈ1 అనే జన్యువు దగ్గర జరుగుతుంది. ఈ జన్యువు ముందు రెండు వేల డీఎన్‌ఏ అక్షరాలకు పైగా పొడవున్న నియంత్రణ భాగం ఉంది. ఈస్ట్ జన్యువులకు సాధారణంగా కొన్ని వందల అక్షరాలు సరిపోతాయి. దీనికెందుకు అంత? ఎందుకంటే ఇది మూడు సంగతులు ఒకేసారి తేల్చుకోవాలి. నత్రజని ఉందా? గ్లూకోజ్ ఉందా? నేను రెండు జతల కణాన్నేనా? నత్రజని ఉండకూడదు. గ్లూకోజ్ ఉండకూడదు. రెండు జతలు ఉండాలి. మూడూ కుదిరితేనే ఐఎంఈ1 మేలుకుంటుంది. ఒక్కటి కుదరకపోయినా లేవదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది, జాగ్రత్తగా వినండి. తిండి లేకపోతే స్పోర్ కడుతుందన్నాను. కానీ బొత్తిగా తిండి లేకపోతే కట్టలేదు. ఇంత పెద్ద పనికి శక్తి ఎక్కడి నుంచి వస్తుంది? అందుకే ప్రయోగశాలలో నీళ్లలో 1 శాతం పొటాషియం ఎసిటేట్ వేసి, కణాలను అందులో వదులుతాం. ఎసిటేట్‌ను పులియబెట్టడం కుదరదు. ఆక్సిజన్‌తో, మైటోకాండ్రియాలో మండించాల్సిందే. అంటే మైటోకాండ్రియా బాగుండాలి.

ఈ సంగతి నాకు పుస్తకం చదివితే ఎక్కలేదు. చదువుకునే రోజుల్లో మూడు వారాల పాటు ఒక ఈస్ట్‌తో స్పోర్లు కట్టించాలని తంటాలు పడ్డాను. ద్రావణం మార్చాను, ఉష్ణోగ్రత మార్చాను, గ్లూకోజ్ ఏమైనా మిగిలిందేమోనని కణాలను రెండుసార్లు కడిగాను. రోజూ పొద్దున్నే సూక్ష్మదర్శినిలో చూడటం, నున్నటి కణాలే కనపడటం. టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు. చివరికి ఆ ఈస్ట్‌ను గ్లిసరాల్ ప్లేటు మీద గీశాను. గ్లిసరాల్ కూడా ఎసిటేట్ లాంటిదే, మైటోకాండ్రియా లేకపోతే ఈస్ట్‌కు దక్కదు. రెండు రోజులైనా ఒక్క కాలనీ రాలేదు. అప్పుడు గుర్తొచ్చింది, గ్లూకోజ్ ప్లేటు మీద ఆ ఈస్ట్ కాలనీలు మొదటి నుంచీ చిన్నవిగా, తెల్లగా ఉండేవని. వాటిని పెటీట్‌లు అంటారు. మైటోకాండ్రియా దెబ్బతిన్న ఈస్ట్‌లు. స్పోర్ జన్యువులన్నీ సలక్షణంగానే ఉన్నాయి. శ్వాస లేదు, అంతే. అందుకే మీలో ఎవరైనా ఈ పని మొదలుపెడితే ముందు గ్లిసరాల్ ప్లేటు మీద గీయండి. మూడు వారాలు మిగులుతాయి.

అలాగే ఇంకో మాట. నత్రజని అయిపోయినప్పుడు కొత్త ప్రోటీన్లకు సరుకు ఎక్కడిది? కణం తన లోపలి పాత సరుకునే కరిగించి వాడుకుంటుంది. ఆటోఫజీ అంటారు. ఈస్ట్‌లో ఆ జన్యువులను కనిపెట్టిన యోషినోరి ఓసుమికి 2016లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆటోఫజీ చెడిన ఈస్ట్‌లు స్పోర్ కట్టలేవు. చూశారా, మన నల్ల మచ్చకు ఇదీ ఒక కారణం కావచ్చు.

మూడో ప్రశ్న, నేను రెండు జతల కణాన్నేనా అన్నది, కణానికి ఎలా తెలుస్తుంది? క్రోమోజోములు లెక్కపెట్టుకోదు కదా. ఈస్ట్‌లో ఏ రకం, ఆల్ఫా రకం అని రెండున్నాయి. అవి జత కడితేనే రెండు జతల కణం వస్తుంది. ఆ కణంలో ఏ నుంచి ఒక ప్రోటీన్, ఆల్ఫా నుంచి ఒక ప్రోటీన్ కలిసి ఆర్‌ఎంఈ1 అనే జన్యువును అణచివేస్తాయి. ఆర్‌ఎంఈ1 పని ఐఎంఈ1ను లేవనివ్వకపోవడం. ఒక జత కణంలో ఆ ప్రోటీన్ జంట ఉండదు, కాబట్టి ఆర్‌ఎంఈ1 బలంగా ఉంటుంది, ఐఎంఈ1 పడుకునే ఉంటుంది.

ఎలా అడ్డుకుంటుందన్నది 2012లో ఏంజెలికా ఏమన్ బృందం తేల్చింది. నాకు చాలా ఇష్టమైన విషయం ఇది. ఆర్‌ఎంఈ1 ప్రోటీన్ ఐఎంఈ1కు చాలా ముందు కూర్చుని, అక్కడి నుంచి ఒక ఆర్‌ఎన్‌ఏ రాయడం మొదలుపెట్టిస్తుంది. ఆ ఆర్‌ఎన్‌ఏ నుంచి ప్రోటీనేమీ రాదు. దాని పేరు ఐఆర్‌టీ1. మరి ఎందుకు రాయడం? రాసే యంత్రం ఐఎంఈ1 నియంత్రణ భాగం మీదుగా నడుచుకుంటూ పోతుంది. అది నడిచిన దారిలో డీఎన్‌ఏ చుట్టూ ఉండే ప్రోటీన్లు బిగుసుకుపోతాయి. ఐఎంఈ1ను లేపడానికి వచ్చినవాటికి కాలు పెట్టడానికి చోటుండదు. అంటే రాసినదానితో పని లేదు, రాయడంతోనే పని. ఇలాంటిది ఉంటుందని ఎవరైనా ముందు ఊహించగలరా?

ఐఎంఈ1 లేచాక ఏం చేస్తుంది? దానికి డీఎన్‌ఏను సొంతంగా పట్టుకునే చెయ్యి లేదు. యూఎంఈ6 అనే ఇంకో ప్రోటీన్ తొలిదశ జన్యువుల ముందు కాపలా కూర్చుని ఉంటుంది. మామూలు రోజుల్లో అది వాటిని మూసి ఉంచుతుంది. ఐఎంఈ1 వచ్చి యూఎంఈ6తో చేతులు కలిపితే, నిన్నటి దాకా మూసి ఉన్న తలుపులే తెరుచుకుంటాయి. అక్కడి నుంచి డీఎన్‌ఏ రెట్టింపు కావడం, ఐఎంఈ2 కైనేజ్ రంగంలోకి దిగడం, అవన్నీ వరసగా జరిగిపోతాయి. ఆ భాగం త్వరగా దాటేస్తున్నాను.

ఇప్పుడు స్పో11 దగ్గర ఆగాలి. స్పో11 ఏం చేస్తుంది? క్రోమోజోములను తెంపుతుంది. అవును, డీఎన్‌ఏ రెండు పోగులనూ తెగ్గొడుతుంది. మామూలు కణంలో అలాంటి ఒక్క తెంపు వచ్చినా ప్రాణం మీదికి వస్తుంది. ఇక్కడ కణమే కావాలని ఒక్కో క్షయకరణ విభజనలో (క్రోమోజోములను సగానికి తగ్గించే, రెండు మెట్ల విభజన అది) సుమారు 160 చోట్ల తెంపుకుంటుంది. తెంపినది స్పో11 అని 1997లో రుజువైంది. తెగిన కొసకు అంటుకుని ఉన్న ప్రోటీన్‌ను వేరు చేసి చూస్తే అది స్పో11.

ఎందుకు తెంపుకోవడం? తెగిన కొసలు అతుక్కోవాలంటే నమూనా కావాలి. ఆ నమూనా కోసం జతలోని తోటి క్రోమోజోమును వెతుక్కుంటాయి. డీఎంసీ1, రాడ్51 అనే ప్రోటీన్లు ఈ వెతుకులాటకు సాయం చేస్తాయి. అలా అమ్మ నుంచి వచ్చినది, నాన్న నుంచి వచ్చినది ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, ముక్కలు మార్చుకుంటాయి. పట్టుకున్నాయి కాబట్టే తర్వాత రెండు వైపులకూ సమంగా విడిపోగలవు. పట్టుకోనివి ఎటు పోతాయో చెప్పలేం.

మరి స్పో11 తీసేస్తే మచ్చ వెలుగుతుందా, వెలగదా? ఆలోచించండి. ఎవరైనా? వెలగదు అన్నారు అక్కడ ఎవరో. చాలామంది అలాగే అంటారు. వెలుగుతుంది! స్పోర్లు తయారవుతాయి, గోడలు కడతాయి, నీలంగా వెలుగుతాయి. కానీ విడదీసి మంచి తిండి మీద పెడితే దాదాపు ఏవీ మొలవవు. ఒకదానికి ఒక క్రోమోజోము ఎక్కువ, ఇంకోదానికి తక్కువ. కాబట్టి వెలుగు చూసి అంతా బాగుందని అనుకోకూడదు. వెలుగు గోడ గురించి చెబుతుంది, లోపలి గింజ గురించి చెప్పదు. స్పో11 మనుషుల్లోనూ ఉంది. ఎలుకల్లో దాన్ని తీసేస్తే వాటికి పిల్లలు పుట్టరు. ఈస్ట్‌లో స్పోర్ పనిలో లోపం చూసి పెట్టిన పేరునే మనుషుల జన్యువుకూ వాడుతున్నాం.

రెక్8 అని ఇంకోటి ఉంది, రెట్టింపైన క్రోమోజోము జంటను కలిపి ఉంచే ఉంగరంలో భాగం. మొదటి విభజనలో క్రోమోజోము చేతుల వెంట తెగుతుంది, మధ్యలో మాత్రం రెండో విభజన దాకా నిలుస్తుంది. ఆ మధ్యభాగాన్ని కాపాడే ప్రోటీన్ పేరు షుగోషిన్. జపనీస్ భాషలో కాపాడే దేవత అని ఆ పేరుకు మూలం. ఇంతకన్నా లోతుకు వెళ్లను, మన దారి తప్పుతుంది.

ఇప్పుడు గడప దగ్గరికి వచ్చాం. ఇంతదాకా వచ్చిన కణానికి మళ్లీ గ్లూకోజ్, నత్రజని ఇస్తే ఏమవుతుంది? వెనక్కి వెళ్లిపోతుంది. తెంపిన డీఎన్‌ఏను అతికించుకుని, మళ్లీ మొగ్గ తొడగడం మొదలుపెడుతుంది. కానీ ఒక హద్దు దాటాక ఎంత తిండి పెట్టినా వెనక్కి తిరగదు. స్పోర్ కట్టి తీరుతుంది. ఆ హద్దు దాటించేది ఎన్‌డీటీ80 అనే జన్యువు. తెగిన కొసలు ఇంకా అతుక్కోకపోతే కణం ఎన్‌డీటీ80ను ఆపి ఉంచుతుంది. అన్నీ అతుక్కున్నాకే వదులుతుంది. ఒకసారి వదిలాక అది తనను తానే ఇంకా పెంచుకుంటుంది, రెండు వందలకు పైగా జన్యువులను లేపుతుంది. విభజనలు, పొర, గోడ, అన్నీ దాని వెనకే వస్తాయి.

ఎన్‌డీటీ అంటే ఏమిటో తెలుసా? నాన్ డైటైరోసిన్. డైటైరోసిన్ లేనిది. డైటైరోసిన్ అంటే స్పోర్ గోడకు ఆ నీలం వెలుగునిచ్చే పదార్థం. అంటే ఈ జన్యువును కనిపెట్టింది కూడా వెలగని మచ్చ వల్లే! గోడ మీద ఒక పదార్థం లేదని పట్టుకుంటే, తీగ లాగితే డొంకంతా కదిలినట్టు, మొత్తం పనికి గడప లాంటి జన్యువు దొరికింది. గోడ కట్టడానికి చాలా ముందే పని ఆగిపోయిందన్నమాట. నల్ల మచ్చలో ఏది లేదో ముందే అనుకోవద్దని ఇందుకే అన్నాను.

గడప దాటాక నాకు అన్నిటికన్నా అద్భుతంగా అనిపించే పని మొదలవుతుంది. రెండో విభజన జరుగుతుండగా కేంద్రకానికి నాలుగు ధ్రువాలుంటాయి. స్పిండిల్ పోల్ బాడీలంటారు. మామూలు రోజుల్లో వాటి పని పోగులను పట్టి ఉంచడం. ఇప్పుడు వాటి బయటి ముఖం మీద ఎంపీసీ54, ఎంపీసీ70, స్పో74 అనే కొత్త ప్రోటీన్లు వచ్చి పరుచుకుంటాయి. అంతే, ఆ ధ్రువం పని మారిపోతుంది. పోగులను పట్టేది కాస్తా పొరను పుట్టించే చోటైపోతుంది. గాల్జీ నుంచి చిన్న చిన్న బుడగలు వచ్చి అక్కడ వాలతాయి, ఒకదానితో ఒకటి కలుస్తాయి. ఆ కలయికకు స్పో20 కావాలి, స్పో14 తయారుచేసే ఫాస్ఫాటిడిక్ ఆమ్లం అనే కొవ్వు కావాలి. ఏమీ లేని చోట, కణద్రవం మధ్యలో, ఒక కొత్త పొర పుడుతుంది.

దీని గొప్పతనం ఒక్క క్షణం ఆలోచించండి. ఈస్ట్ మొగ్గ తొడిగినప్పుడు పిల్లకు వచ్చేది తల్లి పొరలోని భాగమే. పాత గుడ్డ సాగదీసినట్టు. స్పోర్‌కు అలా కాదు. తల్లి పొరతో దానికి సంబంధమే లేదు. అది కొత్తగా నేసిన గుడ్డ.

ఆ పొర మొదట టోపీలా కేంద్రకం కొసన కూర్చుంటుంది. తర్వాత గిన్నెలా, తర్వాత పొడవాటి సంచిలా పెరుగుతూ కేంద్రకంలో నాలుగో వంతును లోపలికి తీసుకుంటుంది. సంచి మూతి చుట్టూ ఒక ఉంగరం ఉంటుంది. ఎస్‌ఎస్‌పీ1, ఏడీవై3, డాన్1 అనే ప్రోటీన్లతో కట్టిన ఉంగరం. డాన్ అంటే డోనట్, సూక్ష్మదర్శినిలో అలా కనపడిందని ఆ పేరు. ఎస్‌ఎస్‌పీ1 లేకపోతే మూతి తెరిచి ఉండదు, పొర ఎదగాల్సినట్టు ఎదగదు. ఉంటేనే సంచి సంచిలా ఎదుగుతుంది. సరే, మరి చివరికి మూతి మూసుకోవాలి కదా? అప్పుడు ఇదే ఎస్‌ఎస్‌పీ1ను పారేయాలి. ఆ పనికి స్పోర్ దశలోనే పుట్టే ఏఎంఏ1 అనే ప్రోటీన్ ఉంది. అది గుర్తు వేస్తే ఎస్‌ఎస్‌పీ1 విరిగిపోతుంది, మూతి మూసుకుంటుంది. ఉండాల్సినంత సేపు ఉండాలి, పోవాల్సిన వేళకు పోవాలి. రెండిట్లో ఏది తప్పినా స్పోర్ లేదు.

పొర పెరగడానికి కొవ్వులు చాలా కావాలి. వీపీఎస్13 అనే పొడవాటి ప్రోటీన్ ఇక్కడ పనిచేస్తుంది. ఒక పొర నుంచి ఇంకో పొరకు కొవ్వులు జారిపోయే వంతెన అది. మనుషుల్లో దీనికి నాలుగు చుట్టాలున్నాయి. వాటిలో ఒకటి, వీపీఎస్13ఏ, చెడితే కొరియా అకాంథోసైటోసిస్ అనే నరాల జబ్బు వస్తుంది. ఈస్ట్‌లో పొర సరిగ్గా ఎదగని స్పోర్‌కూ, ఆ జబ్బుకూ ఒకే కుటుంబపు ప్రోటీన్ కారణమని తెలిసినప్పుడు, ఈ చిన్న కణం మీద పని చేయడానికి ఇంకో కారణం వెతుక్కోనక్కర్లేదనిపించింది.

ఇక్కడ పని ఆగితే మనకెలా తెలుస్తుంది? ఎంపీసీ54 తీసేసిన కణాలకు డాపి అనే రంగు వేసి చూడండి. డీఎన్‌ఏకు పట్టే రంగు అది. కణంలో నాలుగు నీలం చుక్కలు కనపడతాయి. విభజనలు రెండూ చక్కగా జరిగాయి. కానీ చుట్టూ స్పోర్ లేదు. నాలుగు కేంద్రకాలు బట్టల్లేకుండా నిలబడి ఉంటాయి. అదే ఎన్‌డీటీ80 లేని కణంలో ఒకే చుక్క కనపడుతుంది. చూశారా? రెండు మచ్చలూ నల్లగానే ఉన్నాయి, కానీ ఒకటి గడప ముందే ఆగింది, ఇంకోటి గడప దాటి పొర దగ్గర ఆగింది.

తిండి మరీ తక్కువైతే ఈ దశలో ఇంకో విచిత్రం జరుగుతుంది. ఎసిటేట్ చాలకపోతే కణం నాలుగు కట్టదు, రెండే కడుతుంది. ఏ రెండు? ధ్రువాల్లో కొన్ని పాతవి, కొన్ని కొత్తగా పుట్టినవి. కొత్తవాటి మీదే పొర పుట్టిస్తుంది. రెండో విభజనలో ఒక్కో కండెకు (రెండు ధ్రువాల మధ్య పోగుల కట్టకు) ఒక కొత్త ధ్రువం ఉంటుంది కాబట్టి, రెండు కండెల నుంచి చెరొకటి వస్తాయి. ఆ రెండూ సాధారణంగా జత కట్టగల వేర్వేరు రకాలుగా ఉంటాయి. రెండే బతికినా, మొలిచాక ఒకదానికి ఒకటి తోడు దొరుకుతుంది.

ఇక గోడ. మూతి మూసుకున్నాక స్పోర్ చుట్టూ రెండు పొరలుంటాయి. వాటి మధ్య ఖాళీలో గోడ కడతారు. నాలుగు వరసలు. లోపల మానన్, దాని మీద గ్లూకాన్. ఈ రెండూ మామూలు ఈస్ట్ గోడలోనూ ఉంటాయి, కానీ అక్కడ మానన్ బయట, గ్లూకాన్ లోపల. స్పోర్‌లో తిరగబడింది. గోడ కట్టేటప్పుడే బయటి పొర కరిగిపోతుంది. తర్వాత స్పోర్‌కే సొంతమైన రెండు వరసలు వస్తాయి. సీహెచ్‌ఎస్3 కైటిన్ అల్లుతుంది, సీడీఏ1, సీడీఏ2 దాన్ని కైటోసాన్‌గా మారుస్తాయి. అన్నిటికన్నా బయట డైటైరోసిన్.

డైటైరోసిన్ చేసేది డిట్1, డిట్2. క్రోమోజోము మీద పక్కపక్కనే, వీపులు ఆనించుకుని కూర్చున్న రెండు జన్యువులు. మధ్యలో ఉన్న భాగమే రెండింటినీ నడుపుతుంది. డిట్1 టైరోసిన్‌ను సిద్ధం చేస్తుంది, డిట్2 రెండిటిని జోడిస్తుంది, డీటీఆర్1 దాన్ని స్పోర్ బయటికి పంపుతుంది. డిట్1 లేకపోతే స్పోర్లు ఉంటాయి, నాలుగూ ఉంటాయి, మొలుస్తాయి కూడా. వెలుగు మాత్రం ఉండదు. గోడను కరిగించే ఎంజైముల ముందు ఎక్కువసేపు నిలవలేవు. సీహెచ్‌ఎస్3 లేకపోయినా వెలుగు ఉండదు, ఎందుకంటే కైటోసాన్ లేనిదే డైటైరోసిన్ అంటుకోదు.

ఇంత గట్టి గోడ ఎవరి కోసం? దీనికి దొరికిన ఒక జవాబు డ్రోసోఫిలా ఈగలు. అవి ఈస్ట్‌ను తింటాయి. మామూలు కణాలు వాటి కడుపులో చాలావరకు అరిగిపోతాయి. స్పోర్లు బతికి బయటపడతాయి, ఇంకో చోట మొలుస్తాయి. కైటోసాన్, డైటైరోసిన్ వరసలు లేని స్పోర్లు అంత బాగా గట్టెక్కలేవు.

తల్లి ఏమైంది? స్పోర్లు పూర్తయ్యే వేళకు తల్లి కణంలోని రిక్తిక పగులుతుంది. అందులోని ఎంజైములు తల్లి కణద్రవాన్ని కరిగించేస్తాయి. స్పోర్‌లోకి వెళ్లకుండా బయట మిగిలిపోయిన కేంద్రకం ఉంటే అదీ పోతుంది. గోడ ముడుచుకుని నాలుగు గింజలను దగ్గరగా పట్టుకుంటుంది.

ఈస్ట్ తల్లి కణం సుమారు 25 సార్లు మొగ్గ తొడిగి ముసలిదై చచ్చిపోతుంది. మరి ముసలి కణంతో స్పోర్ కట్టిస్తే? 2011లో ఎల్చిన్ ఉనల్, ఏంజెలికా ఏమన్ బృందం ఇది చూసింది. ముసలి కణం నుంచి వచ్చిన స్పోర్లకు, చిన్న వయసు కణం నుంచి వచ్చిన స్పోర్లకు ఆయుష్షులో తేడా లేదు. ముసలితనంతో పేరుకున్న ప్రోటీన్ గడ్డలు వాటిలోకి రాలేదు. 2019లో ఉనల్ బృందమే ఇంకో సంగతి చూపించింది. రెండో విభజనలో పాడైన సరుకు నాలుగు స్పోర్లకూ బయట, ఐదో గదిలాంటి చోట మిగిలిపోతుంది. తల్లి కరిగినప్పుడు దానితో పాటే పోతుంది. ఇంకో వింత చెప్పాలి. స్పోర్ కట్టించకుండా, ఎన్‌డీటీ80ను కొద్దిసేపు మాత్రం లేపితే ముసలి కణం ఆయుష్షు పెరిగింది. వెలగని మచ్చ నుంచి దొరికిన అదే ఎన్‌డీటీ80.

ప్రశ్నలు తర్వాత తీసుకుంటాను. ముందు పక్క గదికి వెళ్దాం. అక్కడ మూడు సూక్ష్మదర్శినులు పెట్టాం. మొదటిదాని కింద మామూలు ఈస్ట్, నిన్న ఎసిటేట్‌లో వేసినది. మిగతా రెండింటి కింద రెండు నల్ల మచ్చల నుంచి తీసిన కణాలు, డాపి వేసి ఉన్నాయి. ఏ జన్యువు తీసేశామో చీటీ మీద రాయలేదు. చుక్కలు లెక్కపెట్టి, స్పోర్ ఉందో లేదో చూసి మీరే చెప్పాలి. మొదటిదాని దగ్గర తొందరపడకండి. మూడు గింజలు కనపడగానే వెళ్లిపోకుండా, ఫోకస్ మెల్లగా కిందికి తిప్పండి.